రాత్రేల పువ్వు ఏటి సేస్తాది

నాకు పొద్దుతిరుగుడు పువ్వంటే ఒళ్లు మంట. ఈ మాట స్టాఫ్ రూములో అంటే తోటి టీచర్లు నవ్వుతారు. పువ్వు మీద కోపమేమిటండీ అంటారు. ఈ మధ్య మా వైపు ఏ ఫంక్షన్‌కి వెళ్లినా అవే. స్టేజీ వెనక గుడ్డ పువ్వులు, పసిపిల్ల పుట్టినరోజు కేకు మీద క్రీము పువ్వులు, కొత్త కోడళ్ల ఫోన్ కవర్ల మీద రబ్బరు పువ్వులు. ఆశకి గుర్తు అంటారు, భక్తికి గుర్తు అంటారు, ఎప్పుడూ వెలుగు వైపే చూడమని చెప్పే పువ్వు అంటారు. తెల్లారగానే వాట్సాప్ గ్రూపులో శుభోదయం అంటూ ఆ బొమ్మ వచ్చి పడుతుంది. నేను పూర్తిగా చూడకుండానే చెరిపేస్తాను.

నేను సైన్సు టీచర్ని. శ్రీకాకుళానికీ ఆమదాలవలసకీ మధ్య ఒక ఊళ్లో మా ఇల్లు. బడి ఆటోలో అరగంట. మొక్కల కదలికల పాఠం వచ్చేసరికి ఏటా ఒకే ఉదాహరణ చెప్పేదాన్ని. పొద్దుతిరుగుడు పువ్వు పొద్దున తూర్పు చూస్తుంది, సాయంత్రం పడమర చూస్తుంది. పిల్లలు రాసుకునేవారు. పరీక్షలో అదే రాసేవారు, నేను మార్కులు వేసేదాన్ని. పదిహేనేళ్లు అలాగే గడిచిపోయాయి. ఆ పువ్వు దగ్గర నిలబడి ఒక్కరోజైనా చూసిన పాపాన పోలేదు.

మా ఇంట్లో సూర్యుణ్ణి బాగా ఎరిగిన మనిషి మా అత్త. ఆమె నాకు సొంత మేనత్త, మా నాన్నకి అక్క. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్లయ్యాక కూడా పిలుపులేమీ మారలేదు. ఆయన నాకు బావ, ఆమె నాకు అత్త. అత్తకి చదువు రాదు, గడియారం చూడడం రాదు. ఒకసారి నేర్పబోయాను. "పొద్దు సెప్పంది ముల్లేటి సెప్తాదే?" అని కసిరింది. నిజంగానే ఆమెకి గడియారంతో పనిలేదు. పొద్దు పొడిచింది, పొద్దెక్కింది, పొద్దు నడినెత్తికొచ్చింది, పొద్దు తిరిగింది, పొద్దు వాలింది, పొద్దుగూకింది. ఆమె రోజుకి అవే గంటలు. ఆలస్యమైతే పొద్దుపోయింది. తోచకపోతే పొద్దుపోవడం లేదు. ఆదివారం ఉపవాసం ఉంటే అది ఒక్కపొద్దు. ఆ ఒక్క మాటలోనే ఆమె దేవుడూ ఆమె కాలమూ ఆమె ఆకలీ ఇమిడిపోయేవి. రథసప్తమికి అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్లి, లైన్లో ఎంతసేపైనా నిలబడి, దండం పెట్టుకుని వచ్చేది. ఒంట్లో బాగుండాలంటే ఆయన్నే అడగాలని మా వైపు అందరికీ నమ్మకం.

ఇంటికి ఆనుకుని తూర్పున మాకు ఎకరం మెట్ట ఉంది. ఏటా పెసలో మినుములో చల్లేవాళ్లం. ఆ ఏడు బావ పొద్దుతిరుగుడు వేశాడు. ఊళ్లో అంతకుముందు ఎవరూ వేయలేదు. "సిలకల్ని మేపడానికేటి బావా?" అని వచ్చేపోయేవాళ్లు ఆటపట్టించారు. బావ నవ్వి ఊరుకునేవాడు. ఆయనది ఎప్పుడూ నవ్వి ఊరుకునే స్వభావం, నాది ఊరుకోలేని స్వభావం. అత్త మాత్రం సంబరపడిపోయింది. సూర్యనారాయణమూర్తి పువ్వు మన చేలో పూస్తుందని ఎదురింటికీ పక్కింటికీ చెప్పుకుంది. నేను ఊరుకోవచ్చు కదా.

"అది మన పువ్వు కాదత్తా. అమెరికా నుంచి వొచ్చినాది. మన పురాణాల్లో దాని పేరే లేదు. ఏ పూజలోనూ పెట్టరు, తల్లో కూడా పెట్టుకోరు" అన్నాను.

"ఏ దేశందయితే ఏటి? దండం ఎవులికి పెడతందో సూడు. నానూ ఆయనకే పెడతన్నాను, అదీ ఆయనకే పెడతంది" అంది.

పువ్వుకి అర్థం చెప్పమంటే ఇప్పుడు ఎవరెవరో ఏవేవో చెబుతున్నారు గానీ, అంత చిన్న మాటలో చెప్పినవాళ్లని నేను చూడలేదు.

మొక్కలు మోకాలెత్తుకి వచ్చిన రోజుల్లో బావ పడిపోయాడు. వెనకటి తుఫానుకి పశువులశాల కప్పు చెదిరిపోయి అలాగే ఉంది. వరి నూర్పులయ్యాక చూద్దామని, పొద్దుతిరుగుడు గింజ నాటాక చూద్దామని వాయిదా వేసి, చివరికి ఒకరోజు ఎక్కాడు. పాత సిమెంటు రేకు. కాలు పెట్టగానే విరిగింది. కింద కుడితి తొట్టి ఉంది. నడుము దాని అంచు మీద పడింది. నేను అప్పుడు బడిలో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. ఫోను వచ్చేసరికి బోర్డు మీద సగం గీసిన బొమ్మ ఉంది, ఏం బొమ్మో ఇప్పుడు గుర్తులేదు.

ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో మూడు వారాలున్నాం. నడుము కింద ఇక స్పర్శ రాదని చెప్పారు. చేతులు బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది, నవ్వు కూడా ఉంది. పంపించేటప్పుడు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, పగలూ రాత్రీ. ఆయనకి నొప్పి తెలియదు కాబట్టి మీరే చూసుకోవాలి. అదే మాట చీటీ మీద కూడా రాసి నా చేతికిచ్చాడు. నేను చదివాను. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరు ఎవర్ని ఏమన్నా, ఆ చీటీ చదివినదాన్ని నేనే.

ఇంటికొచ్చాక తూర్పు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. తల దక్షిణానికి, కాళ్లు ఉత్తరానికి. కుడి పక్కకి తిప్పితే కిటికీలోంచి చేను కనబడుతుంది, ఎడమ పక్కకి తిప్పితే గోడ. గాలి పరుపు కొనమంటే కొన్నాం. కరెంటు పోయినప్పుడల్లా అది చప్పబడిపోయేది. నా సెలవులు అయిపోయాయి. పగలు అత్త, రాత్రి నేను అని అనుకున్నాం.

రెండు గంటలంటే అత్తకి ఎలా తెలియాలి? ఆమె బటన్ ఫోనులో అలారం పెట్టాను. రెండు రోజులు మోగింది. మూడో రోజు బావ విసుక్కున్నాడు. "ఆపండే ఆ కూత. ఆసుపత్రిలో ఉన్నట్టే ఉన్నాది" అన్నాడు. అంతగా విసుక్కోవడం ఆయన ఎరగడు. తీసేశాను.

మర్నాడు పొద్దున ఆటోవాడు వీధిలో హారన్ కొడుతున్నాడు. నేను చెప్పులేసుకుంటూ కిటికీలోంచి చూశాను. చేలో మొక్కలన్నీ మొగ్గ తొడిగాయి, మొగ్గలన్నీ తూర్పుకి ఒరిగి ఉన్నాయి. నాకు తట్టింది.

"అత్తా, ఆ మొగ్గల్ని సూడు. అవి ఎటు తిరిగితే బావని అటు తిప్పు. పొద్దుతిరుగుడు పువ్వునాగ. అంతే" అన్నాను.

అత్త మొహం విప్పారింది. గడియారం ముల్లు అర్థం కాని మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాను. ఎంత బాగా చెప్పానో అని నాకే ముచ్చటేసింది. బడి చేరేదాకా ఆటోలో దాన్నే తలుచుకుంటూ కూర్చున్నాను. పిల్లలకి కష్టమైనది సులువు చేసి చెప్పడం వచ్చునని నాకు పేరుంది. ఆ పేరు మీద నాకు గర్వం ఉండేది.

చెప్పిన పని చెప్పినట్టు చేయడంలో అత్తని మించినవాళ్లు లేరు. పొద్దు పొడవగానే కొడుకుని కిటికీ వైపు తిప్పేది. పొద్దు నడినెత్తికొచ్చాక వెల్లకిలా పడుకోబెట్టేది. పొద్దు తిరగ్గానే గోడ వైపు తిప్పేది. "తిరుగు నాయినా, ఆయన తిరిగినాడు" అనేది. బావ మంచం పట్టె పట్టుకుని సగం తిరిగేవాడు, మిగతా సగం ఆమె తిప్పేది. వీపు వెనక చీరల మూట పెట్టేది. "అమ్మా కోడలూ కలిసి నన్ను పువ్వుని సేసేసినారు. రేపు సిలకలొచ్చి పొడుత్తాయి" అని వచ్చినవాళ్లకి చెప్పి నవ్వేవాడు. వచ్చినవాళ్లు అత్తకి దండం పెట్టినంత పని చేసేవారు. నేను స్టాఫ్ రూములో చెప్పాను. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఎంత అందమైన సంగతండీ, రాయండి అంది.

రాస్తున్నాను.

పగలు మూడుసార్లు తిప్పితే చాలదని నాకు తెలియదా? తెలుసు. కానీ నేను ఇంటికొచ్చేసరికి ఆయన గోడ వైపు తిరిగి ఉండేవాడు, అది అప్పుడే తిప్పినట్టు నాకు నేను అనుకునేదాన్ని. రాత్రి వంతు నాది. మొదటి వారం లేచాను. ఒక రాత్రి రెండుసార్లు, ఒక రాత్రి ఒకసారి. తర్వాత లేవలేదు. పొద్దున్నే వంట, ఆయన ఒళ్లు తుడవడం, ఆటో, ఆరు పీరియడ్లు, పరీక్ష పేపర్లు. నడుం వాల్చితే చచ్చినట్టు నిద్ర పట్టేది. బావ నన్ను లేపేవాడు కాదు. లేపడానికి ఆయనకి నొప్పి ఉంటే కదా.

ఒక సాయంత్రం పొయ్యి దగ్గర అత్త ఒక మాట అడిగింది. ఆమె ఆ మొగ్గల్ని నాలాగ పుస్తకంలో చూడలేదు, రోజంతా కిటికీ దగ్గర కూర్చుని చూస్తోంది.

"ఏమే, ఆ మొగ్గలు పొద్దుగూకేసరికి పడమర సూత్తన్నాయి. నాను తెల్లారి లేసేసరికి మళ్లా తూరుపుకే ఉంటన్నాయి. ఎప్పుడు తిరిగినట్టు? రాత్రేల పువ్వు ఏటి సేస్తాది?"

నాకు తెలియదు. పదిహేనేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. తెలియదని చెప్పడం నాకు చేతకాదు.

"రాత్రి పడుకుంటాదత్తా" అన్నాను.

"మరి ఆడ్ని రాత్రేల నానేమైనా తిప్పాలా?"

"పువ్వే పడుకుంటే మనమెందుకు తిప్పడం? నువ్వూ పడుకో" అన్నాను. అని నవ్వాను కూడా.

ఆమె తల ఊపింది. టీచరు చెప్పింది కదా.

అంటే పొద్దు తిరిగిన దగ్గర్నుంచి మర్నాడు పొద్దు పొడిచేదాకా ఆయన ఎడమ తుంటి మీదే ఉన్నాడు. రోజూ. ఆ లెక్క నేను చేయలేదు. చేస్తే లేవాల్సి వస్తుంది కాబట్టి చేయలేదు.

మొగ్గలు విచ్చుకున్నాయి. ఎకరం నిండా పసుపు. ఊళ్లో వాళ్లు ఫోన్లు పట్టుకుని ఫొటోలకి వచ్చారు. ఆ వారంలోనే అత్త ఇంకో మాట చెప్పింది. "పువ్వులు తిరగడం మానేసినాయే. పొద్దుగూకినా తూరుపే సూత్తన్నాయి. ఏటో నాకు బాగోనేదు" అంది. నువ్వు సరిగ్గా చూడలేదులే అన్నాను. పువ్వు తిరుగుతుందని పుస్తకంలో ఉంది. కిటికీ దాకా వెళ్లి చూడొచ్చు, నాలుగడుగులు. వెళ్లలేదు. పువ్వులు మానేసినా ఆమె మానలేదు, ఆకాశం చూసి తిప్పింది.

మరో రెండ్రోజులకి, "ఎడమేపు తుంటి కాడ కమిలినట్టుగా ఎర్రగా ఉన్నాది" అని చెప్పింది. వేడి చేసి ఉంటుంది, పౌడరు రాయమన్నాను. ఆమె పౌడరు రాసింది, తర్వాత తనకి తోచి పసుపూ కొబ్బరినూనే రాసింది. పసుపు కింద రంగు ఏమైందో ఇక కనపడలేదు. నాకు అప్పుడు పరీక్షల డ్యూటీ. తిరిగి ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. అన్నం తినేదాన్ని, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడేదాన్ని, పడుకునేదాన్ని.

ఆ ఆదివారం గదిలోకి వెళ్తే వాసన వచ్చింది. మొదట ఎలుక చచ్చిందేమో అనుకుని మంచం కింద వెతికాను. మంచం కింద ఏమీ లేదు. దుప్పటి తీసి, తడిగుడ్డతో పసుపు తుడిచాను. చర్మం నల్లగా ఉంది. వేలు పెట్టి చూద్దునా, మెత్తగా లోపలికి పోయింది. బావ కిటికీలోంచి చేను చూస్తూ, "ఏటే, ఏటైనా ఉన్నాదా?" అని మామూలుగా అడిగాడు. ఆయనకేమీ తెలియలేదు. ఏమీ లేదన్నాను.

ఆటో పిలిచి పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. కట్టు కట్టే గదిలో నర్సమ్మ చచ్చిన చర్మం కోసి తీసింది. లోపల తెల్లగా కనబడింది. ఎముక. ఆమె కత్తెర పక్కన పెట్టి మా ఇద్దరి వైపూ చూసింది.

"ఎన్ని గంటలకోసారి తిప్పుతన్నారు?"

నేను నోరు తెరిచేలోపు అత్త చెప్పింది. గర్వంగానే చెప్పింది. ఎందుకు చెప్పదు? ఒక్కపూట తప్పలేదు కదా.

"పొద్దుతో తిప్పుతన్నామమ్మా. పొద్దు ఎటుంటే అటు."

"పొద్దుతో ఏటి పెద్దమ్మా? రెండు గంటలకోసారి తిప్పమని సీటీ మీద రాసిస్తారు గదా! రాత్రేల?"

"రాత్రేల నేదు. రాత్రేల పువ్వు పడుకుంటాది గదా."

నర్సమ్మకి ఏమీ అర్థం కాలేదు. కానీ కోపం మాత్రం వచ్చింది. "మనిషిని కుళ్లబెట్టేసినారు. సదువుకున్నోలు ఎవలూ నేరా మీ ఇంట్లో?" అని అరిచింది.

నేను అక్కడే ఉన్నాను. భుజాన బడి సంచి ఉంది, అందులో దిద్దాల్సిన సైన్సు పేపర్లు ఉన్నాయి. ఉన్నాను, నేనే అని అనాలి. సంచి పట్టీ సర్దుకున్నాను. అత్త నా వైపు తిరిగి ఒక్కసారి చూసింది. తర్వాత తల వంచుకుంది.

"ఎవలూ నేరమ్మా" అంది.

నన్ను కాపాడడానికి అందో, నిజమే చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. నర్సమ్మ తిట్లన్నీ ఆమే పడింది. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆ రోజు నా మీద నాకు వేసిన అసహ్యం ఇంకా పోలేదు, పోకూడదు కూడా.

చీము ఎముకలోకి దిగిందన్నారు. జ్వరం పట్టుకుంది. బావ మూడు వారాలు కూడా లేడు. చివరి రోజుల్లో మగతలో ఏవేవో అనేవాడు. ఒకసారి కళ్లు తెరిచి, "పొద్దు తిరిగినాదా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. అప్పటికి సాయంత్రమైపోయింది. ఎందుకలా చెప్పానో తెలియదు. నా నోటికి అబద్ధం అలవాటైపోయి ఉంటుంది.

ఆయన్ని తీసుకెళ్లిన రోజుకి చేలో పువ్వులు ముదిరిపోయాయి. రేకులు రాలి, తలలు నల్లబడి, బరువుకి మెడలు వంగి ఉన్నాయి. అన్నీ తూర్పు వైపే. ఎకరం పువ్వుల్లో ఒక్కటి కూడా శవాన్ని తీసుకెళ్తున్న వైపు తిరగలేదు. తిరుగుతాయని నేనెందుకు అనుకున్నానో. అత్త చెప్పింది నిజమేనని అప్పుడు చూశాను. పంట కోయడానికి ఎవరికీ మనసు రాలేదు. చిలకలు తిన్నంత తిన్నాయి, మిగతాది దున్నేశారు. ఇప్పుడు అక్కడ మళ్లీ మినుములే.

ఊరు ఊరుకోదు కదా. దినవారాల్లోనే గుసగుసలు మొదలయ్యాయి. "పాపం, ఆ పిల్ల బడికెల్లి సంపాదించి పెడతంది. ముసిల్దానికి కొడుకుని సూసుకోడం సేతకానేదు" అన్నారు. "పుండు పడితే పసుపు రాసినాదట, సూడు!" అన్నారు. నా ముందే అన్నారు, నన్ను ఓదారుస్తున్నామనుకుని. నేను చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూ కూర్చుంటే నోరు విప్పనక్కర్లేదు. అత్త ఎవరికీ జవాబు చెప్పలేదు. బావిగట్టుకి వెళ్లడం మానేసింది. రథసప్తమికి అరసవల్లి వెళ్లడం మానేసింది. ఆదివారం ఒక్కపొద్దు మాత్రం మానలేదు.

అలా మూడేళ్లు ఒకే ఇంట్లో ఇద్దరం. వండుకుని, తిని, పడుకుని. ఆ పాఠం వచ్చినప్పుడల్లా పొద్దుతిరుగుడు వదిలేసి అత్తిపత్తి చెప్పేదాన్ని. ముట్టుకుంటే ముడుచుకుంటుంది, చాలు, వేరే ఉదాహరణ ఎందుకు.

పోయిన ఏడు వచ్చిన కొత్త పాఠ్యపుస్తకంలో దాని బొమ్మ ఉంది కాబట్టి తప్పలేదు. గబగబా చదివేసి పేజీ తిప్పబోయాను. రెండో బెంచీలో ఒక పిల్ల లేచింది. చాలా నెమ్మదైన పిల్ల, ఎప్పుడూ ఏమీ అడగదు.

"టీచర్, సాయంత్రం పడమర సూసిన పువ్వు తెల్లారేసరికి తూరుపు ఎలాగ సూత్తాది? రాత్రేల పువ్వు ఏటి సేస్తాది?"

ఆ చివరి ప్రశ్న మా అత్త అడిగిందే. అక్షరం తేడా లేదు. రేపు చెబుతానన్నాను. ఆ మధ్యాహ్నం ఖాళీ పీరియడ్లో ఫోనులో వెతికాను. అరచేతిలో, నిమిషంలో దొరికింది. లేత మొక్క పగలంతా సూర్యుడితో పడమరకి తిరుగుతుంది. చీకటి పడ్డాక కాండం పడమటి పక్క ఎక్కువగా పెరుగుతూ పెరుగుతూ, రాత్రంతా మెల్లగా వెనక్కి, తూర్పుకి తిరుగుతుంది. సూర్యుడు లేకపోయినా తిరుగుతుంది. పూర్తిగా విచ్చుకుని ముదిరాక మాత్రం తిరగడం మానేసి తూర్పునే నిలిచిపోతుంది.

అంటే నేను చెప్పిన ఉపమానమైనా సరిగ్గా చెప్పి ఉంటే, ఆయన్ని రాత్రి తిప్పేవాళ్లం. అత్త తిప్పేది. రాత్రంతా కూర్చుని తిప్పేది.

ఇంటికొచ్చేసరికి అత్త వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. సంచి కింద పెట్టకుండానే చెప్పాను.

"అత్తా, పొద్దుతిరుగుడు రాత్రేల పడుకోదట. రాత్రంతా ఎనక్కి తిరుగుతాదట."

ఆమె చేతిలో గింజ బుట్టలో పడేసింది. ఇంకోటి తీసింది. అది కూడా పడేసింది.

"నానడిగినాను గదే" అంది.

కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. మామూలుగా అంది. నేను అక్కడే మట్టిలో కూలబడి అంతా చెప్పాను. చీటీలో రెండు గంటలని ఉందని, పగలూ రాత్రీ అని ఉందని, రాత్రి వంతు నాదని, నిద్ర కోసం నేనే పువ్వు పడుకుంటుందని చెప్పానని. ఊరందరికీ చెప్పేస్తానత్తా, ఇప్పుడే వెళ్లి చెప్తాను, నిన్నెవరూ ఏమీ అనకుండా చేస్తాను అన్నాను.

"సెప్తే ఆడొస్తాడేటి?" అంది. "మూడేల్లు నన్ననుకున్నారు. అలవాటయిపోనాది. ఊరోల్లకేటీ సెప్పకు." బుట్ట దులిపి లేచింది. గడప దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరగలేదు. "బడిలో పిల్లలికి మాత్రం సరిగ్గా సెప్పు" అంది.

మర్నాడు రెండో బెంచీ పిల్లని లేపి జవాబు చెప్పాను. రాత్రి పువ్వు పడుకోదమ్మా, తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటుంది అన్నాను.

"మరి దానికి నిద్దర?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది.

"నిద్ర లేదు. రాసుకోండి" అన్నాను.

పిల్లలు రాసుకున్నారు.